పెళ్ళిచీర: వెల - విలువ

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నది తెలుగువారి సామెత. ఒక కుటుంబం శక్తి ఎంతో, యుక్తి ఎంతో ఈ రెండు పనుల్లోనే బయటపడుతుందని దాని భావం. పెళ్ళి ఖర్చుల్లో పందిరి, భోజనాలు, బాజాలు ఆ పూటతో ముగిసిపోతాయి. నగలు అవసరానికి అక్కరకు వచ్చే ఆస్తిగా నిలుస్తాయి. చీర ఈ రెంటికీ నడుమ ఉన్నది. దానిని కట్టుకునేది కొన్ని గంటలే. కాని పెట్టె అడుగున భద్రంగా దాచుకునేది జీవితకాలం. అందువల్లనే కాబోలు, పెళ్ళిచీరను ఎంతో మక్కువతో కొంటారు, కాని ఎంచి చూసి కొనేవారు తక్కువ.

జూనియర్ కళాశాల విద్యార్థులకు ఈ చర్చ ఎందుకనే సందేహం కలగవచ్చు. మన దేశంలో యువతికి 18, యువకునికి 21 సంవత్సరాలు నిండనిదే వివాహం చేయరాదని 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం చెబుతున్నది. కనుక మీ పెళ్ళి మాట ఇప్పుడు అవసరం లేదు. అయితే ఇంట్లో అక్కకో, అన్నకో పెళ్ళి కుదిరినప్పుడు తల్లిదండ్రుల వెంట దుకాణానికి వెళ్ళేది, చీర మీది చీటీ చదివేది, బిల్లు సరిచూసేది తరచు చదువుకునే పిల్లలే. ఆ సమయంలో అడగవలసిన ప్రశ్నలు తెలిసి ఉంటే కుటుంబానికి మేలు కలుగుతుంది. తక్కువ ఖర్చులో మంచి పెళ్ళిచీరను ఎంచుకోవడం ఎలాగో వివరించడమే ఈ పాఠ్యాంశం ఉద్దేశం.

చీర అనే మాట

ముందుగా ఆ మాట సంగతి తెలుసుకుందాం. సంస్కృతంలో 'చీరం' అంటే వస్త్రఖండం, నారబట్ట అని అర్థాలున్నాయి. శ్రీరాముడు అరణ్యవాసానికి వెళ్ళేటప్పుడు నారచీరలు ధరించాడని చెప్పుకోవడం మనందరికీ పరిచితమే. ప్రాచీన తెలుగు కావ్యాలలో 'చీర' స్త్రీలకే పరిమితమైన మాట కాదు, సాధారణంగా వస్త్రమనే అర్థంలో వాడారు. కోక, పుట్టము, వలువ అన్నవి కూడా మన పాత మాటలే. పాల్కురికి సోమనాథుడు తన ద్విపద కావ్యంలో ఆనాటి వస్త్ర విశేషాల పేర్లను వరుసగా పేర్కొన్నాడు. ఆ జాబితా చదివితే ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటే మన నేల మీద నేత ఎంత వైవిధ్యంతో వర్ధిల్లిందో తెలుస్తుంది.

అమరకోశం వస్త్రాలను అవి పుట్టిన పదార్థాన్ని బట్టి నాలుగు విధాలుగా విభజించింది. నారతో చేసినవి, కాయనుండి వచ్చిన దూదితో నేసినవి, పట్టుపురుగు గూటినుండి తీసిన దారంతో నేసినవి, జంతురోమాలతో నేసినవి. వీటిలో క్షౌమాన్ని నారబట్టల వర్గంలో చేర్చింది. కాళిదాసు కుమారసంభవంలో పార్వతీదేవిని పెళ్ళికూతురుగా అలంకరించినప్పుడు ఆమె కట్టుకున్నది సరికొత్త క్షౌమ వస్త్రం. అదే కావ్యంలో మారువేషంలో వచ్చిన శివుడు ఆమె మనసును పరీక్షిస్తూ, హంసలు తీర్చిన పెళ్ళిచీరకూ నెత్తురోడే ఏనుగు తోలుకూ ముడిపడడం ఏం బాగుంటుందని ఆక్షేపిస్తాడు. ఆ మాటకు పార్వతి చలించలేదు. వరుని వస్త్రాన్ని చూసి కాక, వరుని చూసి నిర్ణయించుకున్న వధువు ఆమె. హంసల అంచు ఈనాటికీ మన నేతచీరల మీద కనిపించడం ఆనందించదగిన విషయం.

మధుపర్కం చెప్పే సంగతి

మన వివాహాలలో ముఖ్యమైన వస్త్రం మధుపర్కం. గృహ్యసూత్రాల కాలంలో మధుపర్కమంటే తేనె, పెరుగు మొదలైనవి కలిపి గౌరవనీయుడైన అతిథికి సమర్పించే పదార్థం. పెళ్ళికి వచ్చిన వరుడు కూడా అటువంటి అతిథే. ఆ మర్యాద జరిగే సమయంలో ఇచ్చే కొత్తబట్టలకు క్రమంగా ఆ పేరే స్థిరపడింది. తెల్లని నూలుబట్ట, దానికి ఎర్రని సన్నని అంచు, మంగళసూచకంగా పూసిన పసుపు - ఇదీ మధుపర్కం స్వరూపం. ప్రాంతాన్ని బట్టి, కులాచారాన్ని బట్టి పద్ధతులు మారినా, చాలా ఇళ్ళలో మాంగల్యధారణ, తలంబ్రాలు వంటి ముఖ్యఘట్టాలలో వధూవరులు ధరించేవి ఇవే. తెలుగు క్రైస్తవ కుటుంబాలలో కూడా వధువు తెల్లచీర కట్టుకోవడం వాడుకలో ఉన్నది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటున్నది. పెళ్ళిరోజున ధరించే వస్త్రాలన్నింటిలో అతి తక్కువ వెల గలది మధుపర్కమే. అతి పవిత్రమైన క్షణంలో ఒంటిమీద ఉండేదీ అదే. వస్త్రం వెలకూ, దానికి ఇచ్చే గౌరవానికీ సంబంధం లేదని మన పెద్దలు ఆచారరూపంలోనే చెప్పారు. పట్టుచీర లేకుంటే పెళ్ళి వెలితి అనే భావం శాస్త్రం నుండి వచ్చినది కాదు. చూసేవారి కళ్ళకు జంకడం వల్ల వచ్చినది.

ఒక పట్టుచీర కథ

ఈ సందర్భంలో మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా నాన్నగారు పల్లెటూరి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. 1986లో మా అక్క పెళ్ళి కుదిరింది. వియ్యాలవారు మంచివారు. చీర గురించి వారు నోరు మెదపలేదు. అయితే అంతకు ముందు నెలలో మా వీధిలోనే జరిగిన ఒక పెళ్ళిలో పెళ్ళికూతురు చీర గురించి ఊరంతా చెప్పుకున్నది. నాన్నగారు పట్నం వెళ్ళి 3,000 రూపాయలు పెట్టి పట్టుచీర తెచ్చారు. అది ఆయన మూడు నెలల జీతం. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు అది. నెలకు 60 రూపాయలు, ఏడాదికి 720 రూపాయలు వడ్డీ. అసలు తీర్చడానికి మూడేళ్ళు పట్టింది. అంటే ఆ చీర వెల 3,000 కాదు, 5,160 రూపాయలు.

అక్క దానిని మూడుసార్లు కట్టుకున్నది. ముహూర్తానికి, వ్రతానికి, ఒక గృహప్రవేశానికి. తరువాత అది పన్నెండేళ్ళపాటు ఒకే మడతలో పెట్టెలో ఉండిపోయింది. విప్పి చూస్తే మడతల వెంట చిట్లిపోయింది. ఆ రోజు ఆమె కట్టుకున్న నూలు మధుపర్కం మాత్రం ఉతికినకొద్దీ మెత్తబడి, ఆమె ఇద్దరు పిల్లలకు పొత్తిళ్ళుగా ఉపయోగపడింది. నాన్నగారు పోయిన తరువాత ఆయన కాగితాలలో ఒక చిన్న లెక్కల పుస్తకం దొరికింది. అందులో నెలనెలా 60 రూపాయల పద్దు ముప్పై ఆరుసార్లు రాసి ఉన్నది. అక్క దానిని చాలాసేపు చూసి, "ఒక్కమాట నన్నడిగి ఉంటే వద్దనేదాన్ని కదరా" అన్నది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. పెళ్ళిచీర విషయంలో మొదటి పాఠం అదే. కొనబోయే ముందు కట్టుకునే అమ్మాయిని అడగాలి. ఇంట్లో ఉన్న డబ్బు ఎంతో దాచకుండా ఆమెకు చెప్పాలి.

వెల ఎలా ఏర్పడుతుంది?

దుకాణంలో పక్కపక్కనే ఉన్న రెండు చీరలలో ఒకటి 3,000 రూపాయలు, మరొకటి 30,000 రూపాయలు ఎందుకవుతుంది? ఇందుకు ప్రధానంగా నాలుగు కారణాలు కలవు. మొదటిది దారం. స్వచ్ఛమైన మల్బరీ పట్టు ఖరీదైనది. పడుగు, పేక రెండూ పట్టే అయితే వెల ఎక్కువ. ఒకటి పట్టు, మరొకటి నూలు అయితే వెల తగ్గుతుంది. చీర బరువు పెరిగినకొద్దీ అందులోని పట్టు పెరుగుతుంది, వెలా పెరుగుతుంది.

రెండవది జరీ. అసలు జరీ అంటే పట్టుదారానికి సన్నని వెండి తీగను చుట్టి, దానికి బంగారు పూత పూసినది. వెండికి బదులు రాగి తీగ వాడితే అది నకలు జరీ. రాగి కూడా లేకుండా, లోహపు మెరుపు గల పాలియెస్టర్ పొరతో చేసినది ప్లాస్టిక్ జరీ. మూడూ కొత్తలో ఒకేలా మెరుస్తాయి. వాటి వెలలకు మాత్రం పొంతన లేదు. ప్లాస్టిక్ జరీ ఉన్న చీర కొనడంలో తప్పేమీ లేదు. దానిని అసలు జరీ వెలకు కొనడమే తప్పు.

మూడవది శ్రమ. సాదా చీర మగ్గం మీద కొద్దిరోజులలో పూర్తవుతుంది. ఒళ్ళంతా బూటాలున్న చీరకు వారాలు పడుతుంది. ఉప్పాడ జాంధానీలో ప్రతి పువ్వునూ అదనపు పేక దారంతో చేతితో తీరుస్తారు. అందువల్ల చూడటానికి తేలికగా కనిపించినా అది ఖరీదైనది. నాలుగవది వ్యాపారం. చీర నేతగాని ఇంటి నుండి కొనేవారి చేతికి చేరేలోపు ఎందరి చేతులు మారితే అంత వెల చేరుతుంది. అద్దాల అంగడి అద్దె, దీపాల ఖర్చు, ప్రకటనల ఖర్చు కూడా ఆ బిల్లులోనే ఉంటాయి.

ఈ నాలుగింటిని గుర్తించినవారికి ఖర్చు తగ్గించే దారి తానే కనిపిస్తుంది. అంచు, కొంగు చక్కగా ఉండి ఒళ్ళు సాదాగా ఉన్న చీర ఎంచుకుంటే శ్రమ ఖర్చు తగ్గుతుంది. ఫొటోలలోను, పీటల మీద కూర్చున్నప్పుడును ఎక్కువగా కనిపించేవి అంచు, కొంగులే కదా. బరువు తక్కువ ఉన్న చీర ఎంచుకుంటే దారం ఖర్చు తగ్గుతుంది. వైశాఖ, జ్యేష్ఠ మాసాల ఎండలో హోమగుండం పక్కన కూర్చోవలసిన వధువుకు అటువంటి చీర సుఖంగా కూడా ఉంటుంది.

మన నేతలలో అనువైనవి

తెలుగునాట ప్రతి ప్రాంతానికీ తనదైన నేత ఉన్నది. సంప్రదాయ గద్వాల చీరలో ఒళ్ళు నూలుది, అంచు, కొంగు పట్టువి. ఈ రెంటినీ నేతలోనే ఒకదానితో ఒకటి ముడివేసి కలుపుతారు. పట్టుచీర నిండుదనం కనిపిస్తూనే, ఒళ్ళు నూలుది కావడం వల్ల పూర్తి పట్టుచీర కంటే వెల తక్కువగా ఉంటుంది. తక్కువ ఖర్చులో పెళ్ళికి తగిన చీర కావాలనుకునేవారు మొదట పరిశీలించదగినది ఇదే.

తిరుపతి జిల్లాలోని వెంకటగిరి సన్నని నూలుకు, జరీ అంచుకు పేరుపొందింది. గుంటూరు జిల్లాలోని మంగళగిరి చీర సాదా ఒళ్ళుతో, నిజాం అంచుతో హుందాగా ఉంటుంది. నారాయణపేట చీరల గళ్ళు, అంచులు చూడగానే గుర్తుపట్టదగినవి. ఈ మూడింటిలోను నూలు రకాలు తక్కువ వెలకు లభిస్తాయి. గౌరీపూజకు, వ్రతానికి, అప్పగింతలకు ఇవి చక్కగా సరిపోతాయి. ఉన్నది ఒకే చీర కొనే శక్తి అయితే, మంచి నూలుజరీ చీర ముహూర్తానికి కూడా ఎంతో శోభిస్తుంది.

యాదాద్రి భువనగిరి జిల్లాలోని పోచంపల్లి నేత వేరు. అక్కడ నేయడానికి ముందే దారాన్ని కట్టి రంగులు అద్దుతారు. ఆ కట్టడానికి వీలుగా దారాన్ని ఆసు మీద వేలసార్లు అటూ ఇటూ చేతితో తిప్పాలి. తల్లి లక్ష్మి ఆ పనితో పడే భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసుయంత్రాన్ని తయారుచేసి దానికి 'లక్ష్మీ ఆసు' అని పేరుపెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. ఒక చీర వెనుక ఎంత శ్రమ ఉంటుందో ఈ ఉదంతం తెలుపుతున్నది. ఇక ధర్మవరం, కాంచీపురం పట్టుచీరలు బరువైనవి, వెడల్పాటి అంచులు గలవి. శక్తి ఉన్నవారు కొనవచ్చు. శక్తి లేనివారు వాటి పేరు పెట్టుకున్న నకళ్ళను కొనడం కంటే, అసలైన గద్వాల లేదా వెంకటగిరి చీరను కొనడం మేలు.

పరీక్షించి చూడటం

పట్టు స్వచ్ఛతను తెలుసుకోవడానికి సులభమైన పరీక్ష ఉన్నది. కొంగు కుచ్చుల దగ్గర పడుగు దారం ఒకటి, పేక దారం ఒకటి తీసి వేరువేరుగా కాల్చి చూడాలి. పట్టుదారం మెల్లగా కాలుతుంది. వెంట్రుక కాలిన వాసన వస్తుంది. మిగిలిన నల్లని బూడిద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. పాలియెస్టర్ దారం కరిగి, గట్టి పూసలా ముడుచుకుంటుంది. నూలు, రేయాన్ దారాలు కాగితం కాలిన వాసననిస్తాయి. రెండు దారాలనూ ఎందుకు కాల్చాలంటే, పడుగులో పట్టు, పేకలో కృత్రిమ దారం కలిపి నేసేవారు కూడా ఉన్నారు. దుకాణదారుని అనుమతితో, ఆయన ఎదుటనే ఈ పరీక్ష చేయాలి. చీరను ఉంగరంలోనుండి దూర్చి చూపడం మాత్రం పరీక్ష కాదు. సన్నని పాలియెస్టర్ చీర కూడా ఉంగరంలో దూరుతుంది.

ఈ పరీక్షలో మరొక హితవు కూడా ఇమిడి ఉన్నది. కృత్రిమ దారం వేడికి కరిగి ఒంటికి అంటుకుంటుంది. హోమం ముందు కూర్చునేవారికి, దీపాలు వెలిగించేవారికి అది ప్రమాదకరం. కనుక వెల తక్కువ కావాలనుకున్నప్పుడు కృత్రిమ పట్టు వైపు కంటే నూలు వైపు చూడటం క్షేమం.

పోచంపల్లి చీరను రెండువైపులా తిప్పి చూడాలి. దారానికే రంగు అద్దడం వల్ల అసలు చీర మీద బొమ్మ ఇరువైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. బొమ్మల అంచులు కాస్త చెదిరినట్లుంటాయి. బట్ట మీద అచ్చువేసిన నకలు చీరకు వెనుకవైపు వెలిసినట్లు ఉంటుంది.

చీటీల మీది గుర్తులను కూడా వేరువేరుగా అర్థం చేసుకోవాలి. కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004లో వచ్చిన 'సిల్క్ మార్క్' ఆ బట్ట స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే చెబుతుంది. అది చేతిమగ్గం మీద నేసినదా, మరమగ్గం మీద నేసినదా అన్నది చెప్పదు. 2006లో వచ్చిన 'హ్యాండ్‌లూమ్ మార్క్' అది చేనేత అని చెబుతుంది. భౌగోళిక గుర్తింపు అది ఏ ప్రాంతపు నేతో చెబుతుంది. ఇందుకు సంబంధించిన చట్టం 1999లో వచ్చి, 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. పోచంపల్లి, గద్వాల, వెంకటగిరి, మంగళగిరి, ఉప్పాడ, నారాయణపేట, ధర్మవరం నేతలు ఈ గుర్తింపు పొందాయి. ఒక గుర్తును చూపి మరొక గుణానికి వెల అడిగితే కొనేవారు మోసపోకూడదు.

లెక్క వేసుకోవడం

'దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలి' అన్నారు పెద్దలు. దుకాణం మెట్లు ఎక్కిన తరువాత దుప్పటి కొలత గుర్తుండదు. కాబట్టి ఇంట్లోనే కాగితం మీద లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు ఒక కుటుంబం వధువు వస్త్రాలకు 12,000 రూపాయలు కేటాయించుకున్నదనుకుందాం. అందులో 1,500 రూపాయలు మధుపర్కాలకు, 7,000 రూపాయలు ముహూర్తపు చీరకు, 2,000 రూపాయలు వ్రతానికి కట్టుకునే నూలుచీరకు తీసి ఉంచవచ్చు. మిగిలిన 1,500 రూపాయలు జాకెట్ల కుట్టుకూలి, ఫాల్, పికో, లోలంగాలకు. ఊరిని బట్టి, దుకాణాన్ని బట్టి ఈ అంకెలు మారుతాయి. మారకూడనిది మొత్తం మాత్రమే.

ఈ లెక్కలో చాలామంది మరచిపోయేది చివరి పద్దు. ఈ మధ్య జాకెట్ మీద చేయించే మగ్గం పని ఖర్చు కొన్నిచోట్ల చీర వెలను మించిపోతున్నది. చీర తక్కువకు కొన్నామన్న సంతోషం జాకెట్ దగ్గర ఆవిరవుతుంది. చీరలోనే వచ్చే జాకెట్ గుడ్డకు అంచును చేతుల మీద పడేలా కుట్టిస్తే అదే సొగసుగా ఉంటుంది.

నెలవాయిదాల మీద కొనమని ఆశ చూపేవారు ఇప్పుడు అడుగడుగునా ఉన్నారు. వడ్డీ కలిపిన తరువాత ఆ చీర నిజమైన వెల ఎంతో లెక్కించిన తరువాతే సంతకం చేయాలి. మా నాన్నగారి లెక్కల పుస్తకం అందుకు సాక్ష్యం. తగ్గింపు ధరల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి ఆ నెలలో దుకాణాలు తగ్గింపులు ప్రకటిస్తాయి. శ్రావణంలో పెళ్ళి పెట్టుకున్నవారికి అది మంచి అదను. అయితే వెల పెంచి రాసి తగ్గించి ఇస్తున్నారో, నిజంగా తగ్గిస్తున్నారో తెలియాలంటే అదే రకం చీరను కనీసం మూడుచోట్ల విచారించాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆప్కో, తెలంగాణలో చేనేత సహకార సంస్థ విక్రయశాలలు, నేత గ్రామాలలోని సహకార సంఘాలు తప్పక చూడదగినవి. వీలైతే నలుగురైదుగురు బంధువులు కలిసి నేరుగా నేత గ్రామానికి వెళ్ళి కొంటే నడుమ చేతులు తగ్గుతాయి.

పాత చీర, కొత్త పెళ్ళి

కొనకుండానే సమకూరే పెళ్ళిచీర కూడా ఒకటున్నది. అది అమ్మ పెళ్ళిచీర. మడతల దగ్గర చిట్లకుండా, జరీ నల్లబడకుండా ఉంటే, చీరను ఒకసారి శుభ్రం చేయించి కొత్త జాకెట్ జతచేస్తే చాలు. ఆ చీర కట్టుకుని పీటల మీద కూర్చున్న కూతురిని చూసిన తల్లికి కలిగే ఆనందం ఏ దుకాణంలోనూ దొరకదు. నగరాలలో పెళ్ళిచీరలు అద్దెకు ఇచ్చేవారు కూడా ఉన్నారు. ఒక్కపూట విందుకు మాత్రమే కట్టుకునే బరువైన చీరలకు ఆ పద్ధతి పనికివస్తుంది. అయితే 'ఎరువు సొమ్ము బరువు చేటు' అన్న సామెతను గుర్తుంచుకుని, మరకపడినా చిరిగినా ఎంత చెల్లించాలో ముందే కాగితం మీద రాయించుకోవాలి.

కొన్న చీరను కాపాడుకోవడం కూడా పొదుపులో భాగమే. పట్టుచీరను ప్లాస్టిక్ సంచిలో కాక మెత్తని తెల్ల నూలుగుడ్డలో చుట్టి ఉంచాలి. మూడు నాలుగు నెలలకు ఒకసారి విప్పి, నీడలో ఆరవేసి, మడతలు మార్చి మళ్ళీ మడవాలి. జరీ మీద అత్తరు చల్లకూడదు. కలరా ఉండలు బట్టకు నేరుగా తగలనీయకూడదు. మా అక్క చీరకు ఈ పాటి శ్రద్ధ తీసుకుని ఉంటే అది ఈనాటికీ కట్టుకోవడానికి పనికివచ్చేది.

చివరిమాట

తక్కువ వెలకు కొనాలనుకోవడం వేరు, నేతగాని కూలిని తెగ్గోయాలనుకోవడం వేరు. మగ్గం గుంటలో భర్త కూర్చుని నేస్తుంటే, భార్య కండెలు చుడుతుంది, ఇంటి పెద్దలు దారం సరిచేస్తారు. ఒక చీర కూలి అంటే ఆ ఇంటిల్లిపాది కూలి. మరమగ్గం బట్టను చేనేత పేరుతో కొన్నప్పుడు నష్టపోయేది కొన్నవారొక్కరే కాదు, ఆ కుటుంబం కూడా. స్వదేశీ ఉద్యమం 1905 ఆగస్టు 7న ప్రారంభమైనందుకు గుర్తుగా 2015 నుండి ఆ తేదీని జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ గౌరవం ఒక్కరోజుకు పరిమితం కాకుండా ఉండాలంటే, సాదా చీరనే అయినా అసలైన నేతచీరను న్యాయమైన వెలకు కొనాలి.

ఈ విషయంలో యువకుల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. ముహూర్తపు చీరను వరుని ఇంటివారే తెచ్చే ఆచారం ఎన్నో కుటుంబాలలో ఉన్నది. తెచ్చిన చీర వెలను బట్టి వియ్యాలవారి మర్యాదను తూచే అలవాటూ ఉన్నది. కట్నం ఇవ్వడం, తీసుకోవడం నేరమని 1961లోనే చట్టం వచ్చినా, కానుకల పేరుతో, చీరల పేరుతో ఒత్తిడి తెచ్చేవారు ఇంకా ఉన్నారు. "ఈ చీర చాలు" అని పెళ్ళికొడుకు ఒక్కమాట అంటే రెండు ఇళ్ళ అప్పు తగ్గుతుంది. ఆ మాట పెళ్ళికూతురు అంటే తండ్రి భుజం మీది బరువు దిగుతుంది.

రేపు మీ ఇంట్లో పెళ్ళిచీర కొనే రోజు వస్తుంది. ఆ రోజు దుకాణానికి వెళ్ళేముందు ఒక కాగితం తీసుకోండి. మొదటి పంక్తిలో ఇంట్లో ఉన్న డబ్బు రాయండి. రెండవ పంక్తిలో అక్కకు ఇష్టమైన రంగు రాయండి. మిగిలిన కాగితం ఖాళీగానే ఉండవచ్చు. ఆ తరువాత పద్దులు రాసే అవసరం మీ నాన్నకు రాకపోతే, మీరు కొన్నది మంచి చీరే.